జాకెట్టు కుట్టే చేతులు… పడవ కుట్టలేవా?

పడవ 'కడతారు' అంటారు, 'చేస్తారు' అంటారు. 'కుడతారు' అంటే విన్నారా? అచ్చుతప్పు కాదండీ! పలుచని ప్లైవుడ్ షీటు మీద గీత గీసి, కత్తిరించి, అంచుకు అంచు చేర్చి, రాగి తీగతో టాకాలు వేసి, జిగురుతో అతికించే పడవ ఒకటుంది. దాని పేరు కయాక్. ఒక మనిషి కాళ్లు చాపుకుని కూర్చుని, రెండు కొసలా రెక్కలున్న తెడ్డుతో నడుపుకునే సన్నని, పొడవాటి పడవ. ఒలింపిక్స్ పోటీల్లో టీవీలో చూసే ఉంటారు.

బ్రిటన్‌లో, అమెరికాలో దీన్ని ఇంటి దగ్గరే, కారు షెడ్డులోనో పెరట్లోనో తయారుచేసుకునే వాళ్లు చాలామంది. వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. "మనకెందుకమ్మా ఈ గోల?" అంటారా? ఒక్క సంగతి విని అప్పుడు అనండి. మన రేవుల్లో చూసే పడవల్ని ఒడ్డు నుంచి నీళ్లలోకి దింపాలంటే నలుగురు కావాలి. ఆ నలుగురి కోసం ఎదురుచూడాలి, బతిమాలాలి. జాగ్రత్తగా తయారుచేసిన ప్లైవుడ్ కయాక్ బరువు ఇరవై కిలోలు. నిండు గ్యాస్ సిలిండర్ ముప్పై కిలోల దాకా ఉంటుంది. దాన్ని వరండాలోంచి వంటింట్లోకి దొర్లించుకొచ్చేది ఎవరో వేరే చెప్పాలా? ఇరవై కిలోల పడవైతే ఆడమనిషి ఒక్కతే భుజానికెత్తుకుని నీటిదాకా నడిచిపోగలదు. ఎవర్నీ పిలవక్కర్లేదు. ఈ పడవ గొప్పంతా ఆ బరువులోనే ఉంది. కింద చెప్పే ప్రతి పనీ ఆ ఇరవై కిలోలు దాటకుండా చూసుకోవడానికే!

మొదట కుట్టిందీ ఆడవాళ్లే

గ్రీన్‌లాండ్, ఉత్తర కెనడా, అలాస్కా తీరాల్లో మంచు మధ్య బతికే ఇన్యూట్ జనానికి కయాక్ వేలయేళ్లనాటి నేస్తం. ఎస్కిమోలు అని మనం చిన్నప్పుడు పాఠాల్లో చదువుకున్నది వీళ్ల గురించే. అక్కడ చెట్లు పెరగవు. సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన కలప, ఎముకలు కలిపి మగవాళ్లు చట్రం కట్టేవారు. చట్రం నీళ్ల మీద తేలదు కదా! దానికి సీల్ జంతువు తోలు తొడగాలి. ఆ తోళ్లు శుభ్రం చేయడం, పదును చేయడం, చట్రానికి సరిపోయేలా కుట్టడం పూర్తిగా ఆడవాళ్ల పని. దారం కూడా బజారులో కొన్నది కాదు, జంతువుల నరం ఎండబెట్టి చీల్చి పేనుకున్నది.

ఆ కుట్టు ఎలా ఉండేదో తెలుసా? మనం చీర ఫాల్ కుట్టేటప్పుడు, హెమ్మింగ్ చేసేటప్పుడు సూదిని పైపైన ఒక పోగులోంచి తీసి లాగేస్తాం, కుట్టు పైకి కనపడకుండా. వాళ్లదీ అదే కిటుకు. సూది తోలు మందంలో సగం దాకానే వెళ్లి తిరిగి రావాలి. ఇవతలి నుంచి అవతలికి రంధ్రం పడకూడదు. పడిందా, నీరు కారుతుంది. గడ్డకట్టే చలిలో ఆ నీళ్లలో పడ్డ మనిషి ఎంతోసేపు బతకడు. వేటకు వెళ్లిన భర్త, కొడుకు ఇంటికి తిరిగి రావడం ఇంటి ఇల్లాలి కుట్టు మీద ఆధారపడి ఉండేదన్నమాట. 'కుట్టుపని కాలక్షేపం' అనేవాళ్లకు ఈ సంగతి చెప్పాలి.

కొలతలు కూడా దర్జీ కొలతల్లాగే మనిషిని బట్టే. గ్రీన్‌లాండ్‌లో పాతకాలపు లెక్క ప్రకారం కయాక్ పొడవు నడిపేవాడి మూడు బారలు. చేతులు రెండూ చాపితే వచ్చే బారే, మన అమ్మమ్మలు తాడు కొలిచిన బారే! వెడల్పేమో తుంటి వెడల్పుకు రెండు పిడికిళ్లు చేర్చి. ఒకరి జాకెట్టు ఇంకొకరికి పట్టనట్టే ఒకరి కయాక్ ఇంకొకరికి పట్టేది కాదు. ఇదిగాక, పిల్లాజెల్లా, గుడారాలు, సామాన్లు అన్నీ ఎక్కించుకుపోయే పెద్ద తోలు పడవ ఉమియాక్ ఉండేది. గ్రీన్‌లాండ్‌లో దాన్ని తెడ్లేసి నడిపేది ఆడవాళ్లే. అందుకే బయటివాళ్లు దానికి 'ఆడవాళ్ల పడవ' అని పేరు పెట్టారు.

దినపత్రిక అమ్మిన పడవ

తోలు పోయి ప్లైవుడ్ వచ్చినా కుట్టు మాత్రం పోలేదు. 1960ల మొదట్లో ఇంగ్లండులో కెన్ లిటిల్‌డైక్ అనే వడ్రంగం మాస్టారు ప్లైవుడ్ ముక్కల్ని అంచుల దగ్గర కుట్టి, ఆ అతుకుల మీద ఫైబర్‌గ్లాస్ పట్టీ అతికించి కయాక్‌లు తయారుచేశాడు. లోపల చట్రం లేదు, మేకుల్లేవు. ఆ పద్ధతిని ఇంటింటికీ చేర్చింది మాత్రం ఒక దినపత్రిక! లండన్ నుంచి వెలువడే డైలీ మిర్రర్ పేరుతో 1963లో 'మిర్రర్' అనే చిన్న తెరచాప పడవ బయటికొచ్చింది. ఇంట్లో మరమ్మతులు చేసుకోవడం ఎలాగో టీవీలో చూపించే బారీ బక్‌నెల్, పడవల రూపశిల్పి జాక్ హోల్ట్ ఇద్దరూ కలిసి రూపొందించారు. ముక్కలన్నీ పెట్టెలో పెట్టి 63 పౌండ్ల 11 షిల్లింగులకు అమ్మారు. పడవ కొనడం డబ్బున్నవాళ్ల సరదా అనుకునే కాలంలో మామూలు ఉద్యోగస్తుల ఇళ్లలో కూడా పడవలు తయారయ్యాయి. ఇప్పటిదాకా 70,000కు పైగా మిర్రర్ పడవలు వచ్చాయంటే చూడండి!

అయితే మిర్రర్ ఒట్టి పడవే 45 కిలోలు. ఇద్దరు పట్టాలి. ఒక్కరికోసం అయితే కయాకే.

మన దగ్గరా కుట్టు పడవలున్నాయి

ఇదంతా సీమవాళ్ల సరదా అనుకోకండి. ఒడిశా నుంచి తమిళనాడు దాకా మన తూర్పు తీరంలో పలకల్ని కొబ్బరి తాటితో కుట్టిన పడవలు తరతరాలుగా ఉన్నాయి. తెల్లవాళ్లు వాటిని 'మసూలా' పడవలన్నారు. ఆ పేరు మన మచిలీపట్నం నుంచే వచ్చిందని కొందరంటారు. మద్రాసుకు ఓడరేవు కట్టకముందు ఓడలు దూరంగా సముద్రంలోనే ఆగేవి. మనుషుల్నీ సరుకుల్నీ అలల మీదుగా ఒడ్డుకు చేర్చింది ఈ కుట్టు పడవలే. మేకులు కొట్టిన గట్టి పడవ ఒడ్డున అల విసిరికొడితే పగిలిపోతుంది. కుట్టిన పడవ కాస్త వంగి, సాగి, దెబ్బ కాచుకుంటుంది.

ఇంకా దగ్గరి సంగతి. 1980ల్లో కన్యాకుమారి జిల్లా ముట్టం దగ్గరా, తిరువనంతపురం తీరంలోనూ మత్స్యకారుల కోసం మెరైన్ ప్లైవుడ్‌ను కుట్టి, అతికించి పడవలు తయారుచేయడం మొదలుపెట్టారు. తెప్పలకూ దోనెలకూ పనికొచ్చే పెద్ద మానులు దొరకడం కష్టమై, ధర మండిపోతున్న రోజులవి. పలుచని షీట్లతో చేసిన ఆ పడవల్లోనే వాళ్లు నడిసముద్రానికి వెళ్లి చేపలు పట్టుకొచ్చారు. అంటే ఇది బొమ్మ పడవ కాదన్నమాట.

డార్ట్ తెలిస్తే సగం తెలిసినట్టే

అందరికీ వచ్చే అనుమానం ఒక్కటే. ప్లైవుడ్ బల్లపరుపుగా ఉంటుంది. పడవేమో చేపలా ఒంపు తిరిగి ఉంటుంది. మరెలా?

బట్ట కూడా బల్లపరుపే కదండీ! దాంతో జాకెట్టు ఎలా కుడుతున్నాం? ఛాతీ దగ్గర డార్ట్ వేస్తాం. రెండు వంపు గీతల్ని దగ్గరికి లాగి కుట్టేసరికి బట్ట దానంతటదే ఉబ్బి ఆకారం తెచ్చుకుంటుంది. పడవలోనూ అంతే. అడుగుభాగం రెండు పొడవాటి ముక్కలు. వాటి మధ్య అంచులు తిన్నగా ఉండవు, కొసల వైపు విల్లులా వంగి ఉంటాయి. నేల మీద పక్కపక్కన పెడితే నడుమ ఒకదాన్నొకటి తాకుతాయి, కొసల దగ్గర విడిపోయి ఉంటాయి. ఆ విడిపోయిన కొసల్ని తీగతో దగ్గరికి లాగి బిగించేసరికి షీటు వంగక తప్పదు. ముందూ వెనకా పైకి లేస్తాయి, అడుగు 'వి' ఆకారంలోకి దిగుతుంది. చూస్తుండగానే చాపలా పడున్న చెక్క పడవైపోతుంది!

ఒక్క షరతు. ప్లైవుడ్ ఒకవైపే వంగుతుంది. పోస్టుకార్డును గొట్టంలా చుట్టగలరు, గిన్నెలా మలచలేరు కదా, అలా. అందుకే సొంత ఊహతో గీతలు గీయకూడదు. అనుభవమున్న రూపశిల్పి గీసిన నక్షా తెప్పించుకోవాలి. ఇందులో పేదరికం పనికిరాదు. కొత్త డిజైను జాకెట్టుకు పాత జాకెట్టు ఆది పెట్టుకుని కత్తిరిస్తామే గాని గాల్లో కత్తెర ఆడించం కదా! అమెరికాలో అన్నాపోలిస్‌లోని చెసపీక్ లైట్ క్రాఫ్ట్ లాంటి సంస్థలు నక్షాలూ, కత్తిరించిన ముక్కలూ కూడా అమ్ముతాయి. మెయిన్ రాష్ట్రంలోని ఉడెన్‌బోట్ స్కూల్లో ఈ పని తరగతులు పెట్టి నేర్పుతారు.

ఇరవై కిలోల లెక్క

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఒక మనిషి కయాక్‌కు 4 మి.మీ. మందం ఉన్న ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు షీట్లు మూడు పడతాయి. బయటి దేశాల్లో ఎక్కువగా వాడేది ఆఫ్రికాలో పెరిగే ఒకూమే అనే తేలిక చెట్టు ప్లైవుడ్. దాని షీటు సుమారు ఆరు కిలోలు. మన దగ్గర మెరైన్ ప్లై సాధారణంగా గర్జన్ లాంటి బరువు కలపతో చేస్తారు. అదే కొలత షీటు తొమ్మిది కిలోల దాకా తూగుతుంది. తరుగు పోగా షీట్లలో పడవకెక్కేది రెండుంబావు అనుకుందాం. ఒకటి పదమూడు పద్నాలుగు కిలోలు, ఇంకొకటి ఇరవై. దీనిమీద జిగురు, ఫైబర్‌గ్లాస్ బట్ట, సీటు అన్నీ కలిసి మరో ఆరేడు కిలోలు. మొదటిది ఇరవై దగ్గర ఆగితే రెండోది ఇరవయ్యేడు!

ఏడు కిలోలేగా అనిపిస్తుంది. పదహారడుగుల పొడవున్న వస్తువును భుజం మీద పెట్టుకుని, గాలి తోస్తుంటే, గట్టు దిగి చూడండి, ఆ ఏడు కిలోలు ఏమిటో తెలుస్తుంది. బరువు షీటే దొరికితే? పద్నాలుగడుగుల లోపు నక్షా ఎంచుకోవడం మేలు. వేగం కాస్త తగ్గినా చేతికి లొంగుతుంది. 4 మి.మీ. మెరైన్ ప్లై ప్రతి దుకాణంలో ఉండదు, చెప్పి తెప్పించుకోవాలి. షీటు మీద ఐఎస్ 710 ముద్ర ఉందో లేదో చూసుకోండి. అది మెరైన్ ప్లైకి భారత ప్రమాణం. ఐఎస్ 303 అని ఉంటే అది బీరువాలకూ అలమరలకూ వాడే మామూలు రకం. 'వాటర్‌ప్రూఫే తీసుకెళ్లండమ్మా' అని దుకాణదారు ఎంత చెప్పినా సరే, అంచు వైపు నుంచి చూడండి. పొరల మధ్య సందులు, బొక్కలు కనపడితే వదిలేయండి. ఆ సందులోకే నీరు చేరేది.

బరువు మాట వచ్చింది కాబట్టి ఒకావిడ గురించి చెప్పాలి. హవాయి దీవుల్లో ఉండే ఆడ్రీ సదర్లాండ్ నలుగురు పిల్లల్ని ఒంటిచేత్తో పెంచింది. అరవయ్యో ఏడు దగ్గరపడుతుండగా 1980లో అలాస్కా తీరం వెంబడి సుమారు 850 మైళ్లు ఒంటరిగా కయాక్ నడిపింది. ఆమె ఎంచుకున్నది గాలి ఊదుకునే కయాక్. మడిచి విమానంలో వేసుకుపోవచ్చు, ఒడ్డుకు ఒక్కతే లాక్కోవచ్చు. అందమైన పడవలు, వేగమైన పడవలు లోకంలో లేక కాదు. తను మోయగలిగిందే తన పడవ అని ఆమె లెక్క.

పని మొదలుపెడితే…

చోటు ముందు చూసుకోండి. పడవ పొడవుకు రెండువైపులా రెండేసి అడుగులు తిరగడానికి ఉండాలి. హాల్లో తయారుచేస్తే అది గుమ్మంలోంచి బయటికొస్తుందా? నవ్వకండి, పదహారడుగుల కర్రొకటి తెచ్చి మలుపు తిప్పి చూసుకోవాలి. అపార్టుమెంటు బాల్కనీ సరిపోదు. పైన రేకులున్న డాబా గాని, కారు షెడ్డు గాని అయితే హాయి.

షీటు ఎనిమిదడుగులే, పడవ పదహారు. కాబట్టి రెండు షీట్లను ముందు పొడవుగా అతకాలి. అంచుల్ని చిత్రికతో ఏటవాలుగా చెక్కి ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టి అతికిస్తారు. ఏటవాలు పొడవు మందానికి ఎనిమిదింతలు ఉండాలన్నది లెక్క. 4 మి.మీ. షీటుకు 32 మి.మీ. ఇది కాస్త నేర్పు కావాల్సిన పని. ఒక పూట వడ్రంగిని పిలిచి చేయించుకున్నా తప్పులేదు.

ఇక గీతలు గీయడం. నక్షాలో ఇచ్చిన కొలతల ప్రకారం చుక్కలు పెట్టి, ఆ చుక్కల వెంబడి సన్నని చెక్క బద్దను వంచి పట్టుకుని గీత గీయాలి. విడివిడిగా చుక్క నుంచి చుక్కకు గీస్తే గీత గతుకులు పడుతుంది. బద్ద నునుపుగా వంగితేనే పడవ నునుపుగా వస్తుంది. ముగ్గు వేసేటప్పుడు చుక్కల చుట్టూ గీత ఆపకుండా తిప్పే చేతికి ఇది కొత్తేం కాదు. ఎడమ ముక్కా కుడి ముక్కా అచ్చంగా ఒక్కలా ఉండాలి కాబట్టి, బట్ట మడతపెట్టి కత్తిరించినట్టే, రెండు షీట్లు ఒకదానిమీద ఒకటి క్లాంపులతో బిగించి ఒకేసారి కోయాలి. గీతకు కాస్త బయటగా కోసి, తర్వాత చిత్రికతో గీత దాకా తీసుకురావడం మంచిది.

తర్వాత అంచుకు పావు అంగుళం లోపలగా, నాలుగేసి అంగుళాలకొకటి చొప్పున సన్నని రంధ్రాలు. ముక్కల్ని ఎదురెదురుగా పెట్టి, ఒక్కో జత రంధ్రాల్లోంచి రాగి తీగ ముక్క దూర్చి, బయటివైపు కటింగ్ ప్లయర్‌తో మెలిపెట్టాలి. పదహారడుగుల పడవ అడుగున మూడు అతుకులు. నాలుగంగుళాలకొకటంటే ఇంచుమించు నూటయాభై టాకాలు. ముందే గట్టిగా బిగించకండి. అన్నీ వదులుగా వేసుకుంటూ పోయి, ఆకారం వచ్చాక కొద్దికొద్దిగా బిగించాలి. ఒక కొస దగ్గర నిలబడి ఒంటికన్నుతో చూస్తే పడవ మెలి తిరిగిందేమో తెలిసిపోతుంది. తిరిగితే తీగలు సడలించి సరిచేయొచ్చు. జిగురు పెట్టాక ఆ అవకాశం ఉండదు. నన్నడిగితే ఈ ఒక్క దశలో ఎంత తీరిగ్గా ఉంటే అంత మంచిది. ఒక రాత్రి అలాగే వదిలేసి మర్నాడు ఉదయం వెలుతుర్లో మళ్లీ చూడాలి.

జిగురు అంటే ఎపాక్సీ. ఇంట్లో విరిగిన కప్పులు అతికించడానికి రెండు ట్యూబులు కలిపి వాడతామే, ఆ జాతే. టాకాల మధ్య మధ్య చిన్న చిన్న చుక్కలు పెట్టి ఆరనిస్తే ముక్కలు నిలబడిపోతాయి. అప్పుడు తీగలన్నీ లాగేయడమే. మిషన్ కుట్టు పడ్డాక టాకాలు విప్పినట్టు! తర్వాత ఎపాక్సీలో మెత్తటి రంపపు పొట్టు కలిపి గారెల పిండంత గట్టిగా చేసి, లోపలి మూలల్లో పాత స్పూను వీపుతో గుండ్రంగా దిద్దాలి. దానిమీద మూడంగుళాల ఫైబర్‌గ్లాస్ పట్టీ పరిచి ఎపాక్సీతో తడపాలి. పడవ బలమంతా ఈ మూలల్లోనే. బయటివైపు పడవంతటికీ పలుచని ఫైబర్‌గ్లాస్ బట్ట పరుస్తారు. తెల్లగా మల్లుగుడ్డలా ఉన్న బట్ట ఎపాక్సీ తగలగానే మాయమై, కింద చెక్క నెమలికంఠం చీరలా తళతళలాడుతూ బయటపడుతుంది. ఈ పని చేసినవాళ్లెవర్నడిగినా ఆ క్షణం గురించే చెబుతారు.

అక్కడే మోసం కూడా ఉంది. మెరుస్తోంది కదా అని ఇంకా ఇంకా పోస్తారు. ఎక్కువ ఎపాక్సీ బలం కాదు, బరువు. పాత ప్లాస్టిక్ కార్డుతో మిగులంతా లాగేసి, పలుచటి పూతలు రెండు మూడు వేసుకుంటే చాలు.

లోపల ముందొకటి, వెనకొకటి అడ్డుగోడలు మరిచిపోవద్దు. వాటివల్ల రెండు కొసలూ గాలి పెట్టెల్లా మూసుకుపోతాయి. పడవ బోల్తా పడి నీరు నిండినా మునిగిపోకుండా కాపాడేవి అవే. ఆ తర్వాత పై కప్పు, కూర్చునే బిలం చుట్టూ పట్టీ. మొత్తం మీద ఎనభై నుంచి వంద గంటల పని. రోజుకు రెండు గంటలు చిక్కితే నలభై, యాభై రోజులు.

జిగురుతో పరాచికాలొద్దు

ఎపాక్సీ గురించి విడిగా చెప్పాల్సిందే. పాలు తోడుపెట్టినట్టు కాదిది. తోడు ఎక్కువేస్తే పెరుగు తొందరగా పేరుకుంటుంది. ఇక్కడ గట్టిపరిచే ద్రవం ఎక్కువేస్తే తొందరగా ఆరదు, అసలు సరిగా గట్టిపడదు, జిగటగానే ఉండిపోతుంది. డబ్బా మీద ఏ నిష్పత్తి రాసుంటే అదే. కంటి అంచనా వద్దు, కొలత గిన్నెలు గాని, తూకం గాని వాడండి.

రెండూ కలిసినప్పుడు వేడి పుడుతుంది. ఎక్కువ కలిపి లోతు గిన్నెలో వదిలేస్తే ఆ వేడి బయటికి పోక పొగలు కక్కుతుంది. వెడల్పాటి ట్రేలో పలుచగా పోసుకోవాలి, కొంచెం కొంచెమే కలుపుకోవాలి. విజయవాడ ఎండల్లాంటి ఎండల్లో ఇది చేయి తిరిగేలోపే గట్టిపడుతుంది. నిదానంగా ఆరే రకం అడిగి తెచ్చుకుని, తెల్లవారుజామున పని పెట్టుకోవాలి. వానాకాలం తేమలోనేమో ఆరిన పూత మీద మైనంలాంటి పొర తేలుతుంది. మంచినీళ్లతో, గిన్నెలు తోమే పచ్చ పీచుతో కడిగి, ఆరాకే తర్వాతి పూత వేయాలి. లేకపోతే అది అంటుకోదు.

అన్నిటికంటే ముఖ్యం ఒళ్లు. ఎపాక్సీ చర్మానికి తగులుతూ ఉంటే కొందరికి ఎలర్జీ వస్తుంది. ఒకసారి వచ్చిందంటే జన్మంతా వదలదు, తర్వాత వాసన తగిలినా దద్దుర్లే. కాబట్టి నైట్రైల్ గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. చేతికంటితే థిన్నరుతో తుడవకూడదు, అది జిగురును చర్మంలోకి ఇంకా దింపుతుంది. సబ్బుతో కడగాలి. ఉప్పుకాగితం పట్టేటప్పుడు లేచే దుమ్ము పీల్చకుండా మంచి మాస్కు ఉండాలి. చీరకొంగు అడ్డం పెట్టుకుంటే చాలదు. గాలాడే చోట చేయాలి, పిల్లల్ని దగ్గరికి రానీయకూడదు. కలిపిన గిన్నె, గరిటె మళ్లీ వంటింటి గడప తొక్కకూడదు.

ఇంకో సంగతి, ఎండ ఎపాక్సీకి పడదు. మన ఎండకు పైన అతినీలలోహిత కిరణాల్ని ఆపే వార్నిషు గాని, రంగు గాని లేకపోతే పూత పచ్చబడి, పెచ్చులూడుతుంది.

నీళ్లలోకి దిగేముందు

పడవ తయారైంది. మరి ఈత వచ్చా? మన ఆడపిల్లల్లో చాలామందికి ఈత నేర్పలేదు. పడవ తయారవుతున్న ఆ రెండు నెలల్లోనే నేర్చుకోవచ్చు. ఈత వచ్చినా రాకపోయినా లైఫ్ జాకెట్ లేకుండా కూర్చోకూడదు. ఒంటికి పట్టేది, బకిల్స్ బిగించుకునేది అయి ఉండాలి. చీర, చున్నీ వద్దు. బోల్తా పడితే కాళ్లకు చుట్టుకుంటాయి. ట్రాక్ ప్యాంటు, టీ షర్టు మేలు.

మొదటిరోజు నడుములోతు నిలవనీటిలో, పక్కన ఇద్దర్ని నిలబెట్టుకుని, కావాలనే బోల్తా కొట్టాలి. భయపడకండి, బిలం పెద్దదైతే మనిషి దానంతటదే జారి బయటికొస్తుంది. అలా నాలుగైదుసార్లు పడి లేచాక భయం సగం పోతుంది. పడ్డాక పడవను వదిలి ఈదకూడదు, దాన్నే పట్టుకుని ఉండాలి. గాలి పెట్టెలున్న పడవ మునగదు. చెరువైనా రిజర్వాయరైనా ముందు అక్కడి అధికారుల అనుమతి అడగండి. శ్రావణ భాద్రపదాల్లో గోదావరి, కృష్ణ వైపు చూడనే వద్దు. వరదనీటికి ఈతగాళ్లే ఆగరు.

నీళ్లలోంచి తెచ్చాక పడవను మంచినీళ్లతో కడిగి, లోపల తడి పూర్తిగా ఆరేదాకా మూతలు తీసి ఉంచాలి. తర్వాత నీడలో, రెండు వెడల్పాటి పట్టీల మీద బోర్లా వేలాడదీయాలి. రాయి తగిలి గీత పడితే గోటితో గీరి చూడండి. పూత మాత్రమే లేస్తే పర్వాలేదు. లోపలి చెక్క కనపడితే మాత్రం నాలుగు రోజులు బాగా ఆరనిచ్చి, ఆ మేరకు ఎపాక్సీ పూసి, మళ్లీ వార్నిషు పెట్టాకే నీళ్లలో దింపాలి.